ఎడమ పురి

రస్ అల్ ఖైమాల కొండకు సెలవు
శుక్రవారం ఒక్కటే.
తక్కిన ఆరు దినాలు
మేం దాన్ని పేల్చి, దంచి, జల్లెడ పట్టి
సముద్రంల పోస్తం.
అక్కడెవరో ద్వీపం కట్టుకుంటున్నరట.
నేను మూడో క్రషర్ కాడ
బెల్టు మీద ఇనుప ముక్కలేరే మనిషిని.

మోరినో సాన్ వచ్చింది క్రషర్ దవడలు మార్చెతందుకు.
అరవై దాటినయి. మెడల తెల్ల తువ్వాల,
ఫ్లాస్కుల చక్కెర లేని పచ్చ చాయ్.
పాన పట్టే ముందు కొండ దిక్కు తిరిగి
రెండుసార్లు వంగిండు,
రెండు చప్పట్లు కొట్టిండు,
మల్లొకసారి వంగిండు.
గ్లౌజులు తీసే కొట్టిండు.
మందు పేల్చే గుల్దాద్ ఖాన్ నన్ను చూసిండు,
నేను బెల్టును చూసిన.

ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు, రెండూ కుంటివే.
ఒకదాన్నొకటి పట్టుకొని నడిచినయి.
వాళ్ళూరి గుడిల విగ్రహం లేదట.
ద్వారమున్నది, నాచు పట్టిన మెట్లున్నయి,
మొక్కే సావడి ఉన్నది.
గర్భగుడి ఉండాల్సిన కాడ తలుపు తీస్తే
కొండ.
కొండకు అర్ర కట్టేదెవలు?

దాని మీద పుల్ల ఏరొద్దు, రాయి తేవొద్దు.
ముత్తాత కాలంల ఒక బొగ్గులోడు
గడ్డి చెప్పుల ఇరికిన గులకరాయి
తెలువక ఇంటికి తెచ్చి,
రాత్రంత నిద్రపట్టక
మంచుల ఎక్కి తిరిగి పెట్టి వచ్చిండట.
నేను నవ్వి బూట్లు ఇప్పి దులిపిన.
పిడికెడు కొండ రాలింది.
ఆయన నవ్వలే.

నారు పోసే యాళ్లకు
దేవుడు కొండ దిగి మడిలకొస్తడట.
కోతలైనంక మల్ల ఎక్కిపోతడట.
"కంట్రాక్టా?" అన్న.
జెరసేపు ఆలోచించి
"అవు, కానీ ఏటేటా ఇంటికి పోతడు" అన్నడు.
నేను మడి చూడక ముప్పై నెలలు.

కొండకూ మనుషులకూ నడుమ
కొత్త వరిగడ్డి తాడు కడతరట.
పనిల తాడు కుడి పురి,
దేవుని తాడు ఎడమ పురి.
నా చేతులు గుంజినయి.
కోరుట్లల ఎన్ని ఎంట్లు పేనిన్నో లెక్క లేదు.
ఎడమ పురి పడితే మా నాయన చేతి మీద కొట్టేటోడు,
పసులకు గూడ పనికిరాదురా అని.

శుక్రవారం మేకల సంతల ఒక మోపు కొన్న.
వరిగడ్డి కాదు, గింజ పట్టని ఏదో మేత,
పెళపెళ విరిగింది.
తడిపి, బొటనేలికి తగిలించి పేనిన.
చేతులు కుడికే పోతయి.
ఇప్పుడు, మల్ల పేనుడు.
మూడు గజాలకే పొద్దు గూకింది.
మోరినో సాన్ సిమెంటు సంచి లోపలి కాగితం
మెరుపు తీరు మడిచి వేలాడదీసిండు.

ఇంకా డ్రిల్లు దిగని బండకు కట్టినం.
ఉప్పు మెస్సుది, బియ్యం నావి.
గుల్దాద్ ఖాన్ దూరంకెల్లి అడిగిండు:
"దాంట్ల దేవుడున్నడా?"
"మాఫీ" అన్న.
మా ఊర్ల ఆ మాటంటే తప్పు మన్నించుమని.
ఈ దేశంల లేదు అని.
ఏ మాటన్ననో నాకే తెలువదు.
ఆయనా మల్ల అడగలే.

తెల్లారి పోతే తాడు లేదు.
వాగుల మేకలు కాగితాలతో సహా మేసిపోయినయి.
అప్పుడు నవ్విండు మోరినో సాన్, కడుపు పట్టుకొని:
"మా కాడ జింకలు తింటయి!"

పదకొండింటికి సైరన్.
మధ్యాహ్నం బెల్టు మీద బండ వచ్చింది,
అది ఆ బండేనని ఎవలు చెప్తరు?
ఒక్క ముక్కకు మాత్రం
ముడి కింది గడ్డిపోచ అంటుకొని ఉన్నది.

నన్ను ఏరుమన్నది ఇనుము.
గడ్డి సంగతి ఎవలూ చెప్పలే.
బెల్టు ఆగదు.
గ్లౌజులు తీసిన.